కౌసల్యమ్మ అనని తిట్టు

నంగునూరులో కౌసల్యమ్మ చేత తిట్లు తినని మనిషి లేడు, తిని బాధపడ్డ మనిషీ లేడు. పక్క పొలం రాజమల్లయ్య అయితే, పొద్దున్నే ఒడ్డు మీద ఆమె నోటి నుంచి "నీ జిమ్మడ, గుడ్లప్పగించి సూస్తున్నవేందిరా, నీళ్లు కట్టవా" అన్న మాట పడకపోతే ఆ రోజు పని ముందుకు సాగదనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. కౌసల్యమ్మ నోరు ఎలాంటిదైనా ఊరు మాత్రం ఆమెతో మంచిగానే ఉండేది.

అలాగని నోటికి వచ్చినట్టు తిట్టే మనిషి కాదు. ఆమె తిట్లకు ఒక కట్టుబాటు ఉంది. తనకంటే పెద్దవాళ్లను తిట్టదు. తినే అన్నాన్ని తిట్టదు. పాలిచ్చే గొడ్డును తిట్టదు, పాలిచ్చే గొడ్డు పేరు పెట్టి మనిషినీ తిట్టదు. తతిమ్మా లోకమంతా ఆమె తిట్లకు పనికొచ్చేదే.

రెండేళ్ల కింద మోకాళ్లు మొండికేయడంతో కొడుకు నరేందర్ ఆమెను సిద్దిపేటకు తెచ్చుకున్నాడు. నరేందర్‌కు ముస్తాబాద్ చౌరస్తా దగ్గర ఎరువుల దుకాణం. దుకాణంతో ఊరుకుంటే బాగుండేది, కౌన్సిలర్ కావాలన్న పురుగు కూడా ఈ మధ్య తొలిచింది. ఇంటికి పెద్దమనుషుల రాకపోకలు మొదలయ్యాయి. కౌసల్యమ్మ వచ్చిన వారానికే, గేటుకు అడ్డంగా కారు పెట్టిన ఒక నాయకుడి డ్రైవర్‌ను ఏడు తరాలు కదిలేలా దీవించింది. ఆ సాయంత్రం నరేందర్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, గిది నంగునూరు గాదు. నలుగురు వచ్చిపోయే ఇల్లు. జర నోరు అదుపుల వెట్టుకో."

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. కౌసల్యమ్మకు కాలు మోకాలి దగ్గర ఆగింది, నోరు కొడుకు దగ్గర ఆగింది. అప్పటి నుంచి "మంచిది బిడ్డా", "అట్లనే కానియ్యి" అంటూ రోజులు గడుపుతోంది. అత్తమ్మ బాగా మెత్తబడిందని కోడలు సుశీల లోలోపల సంతోషించింది. కౌసల్యమ్మకు మాత్రం తనకు వచ్చిన ఒకే ఒక విద్య తుప్పు పట్టిపోతోందని దిగులుగా ఉండేది.

ఆ ఇంట్లో మెత్తదనానికి అసలు పేరు మనవరాలు రుచితది. ఆవులాంటి పిల్ల అని చుట్టాలంతా అంటారు. నర్సింగ్ చదివింది. రోగికి సూది ఇస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు తెచ్చుకుంది. కానీ ఎవరైనా గొంతు పెంచితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగిపోతాయి. జర్మనీలో ముసలివాళ్లకు సేవ చేసే ఒక దవాఖానలో నర్సుగా చేరాలని ఏడాదిగా చౌరస్తాలో, సెల్‌ఫోన్ల దుకాణం పైన నడిచే క్లాసులో జర్మన్ నేర్చుకుంటోంది. పంతులమ్మ రజిని అలాంటి దవాఖానలోనే ఆరేళ్లు పనిచేసి వచ్చిన మనిషి.

రాత పరీక్షలన్నీ రుచిత పాసైంది. చివరిది ఇంటర్వ్యూ, లాప్‌టాప్ ముందు కూర్చుని. అందులో ఆ దవాఖాన పెద్ద నర్సు కెల్లర్ మేడం ఒక మంచాన పడ్డ ముసలామెలా నటిస్తుంది, రుచిత ఆమెకు మందు వేయాలి. కెల్లర్ మేడం దుప్పటి కప్పుకుని నిజం ముసలామె లాగానే అరిచింది, తిట్టింది. రుచిత ఒక్క మాట అనలేక, ఏడ్చి లాప్‌టాప్ మూసేసింది. ఆ పిల్ల మార్కులు చూసి వాళ్లు దయతలచి, ఇరవై రోజుల తర్వాత ఇంకొక్కసారి చూస్తామన్నారు. మళ్లీ ఏడిస్తే ఇక అంతే.

మర్నాడు రజిని ఇంటికి వచ్చింది. ముందుగదిలో నరేందర్, సుశీల తలలు పట్టుకుని కూర్చున్నారు. రుచిత గోడకు ఆనుకుని నిలబడింది. కౌసల్యమ్మ ఒక మూల చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"తప్పు నాదే అన్నా," అంది రజిని. "మా పుస్తకంల అందరు దయచేసి అంటరు, థాంక్స్ అంటరు. దవాఖానల అట్లుండదు. మతి తప్పిన ముసలోళ్లు, నొప్పితోని ఉన్నోళ్లు పొద్దుగాల లేస్తే తిట్లే. నేను పోయిన కొత్తల ఒక తాత నన్ను గాన్స్, గాన్స్ అని పిలిచేటోడు. మూడు వారాలు నేను నవ్వుకుంట థాంక్స్ చెప్పిన. తర్వాత తెలిసింది, గాన్స్ అంటే బాతు అని, తెలివితక్కువదానా అని తిడుతుండని."

చిక్కుడుకాయల దగ్గర కౌసల్యమ్మ కిసుక్కున నవ్వింది.

"మరి తిట్లు గూడ నేర్పు మేడం," అన్నాడు నరేందర్.

"నేర్పుడు అల్కనే. నేను తిడితే మాత్రం రుచితకు తాకది. పాఠం లెక్క రాసుకుంటది. తిట్టు తిట్టు లెక్క తాకాలె. గట్ల తిట్టేటోళ్లు కావాలె."

నరేందర్, సుశీల ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు మూలకు తిరిగి చూశారు. కౌసల్యమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేటలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు నేర్పు బిడ్డా," అంది రజినితో.

"అవ్వా," అన్నాడు నరేందర్ కంగారుగా.

"ఏందిరా. గిది తెలుగు గాదు గదా. మీ వార్డుల ఎవనికి సమజైతది?"



అలా డెబ్బై నాలుగో ఏట కౌసల్యమ్మ జర్మన్ భాషలో అడుగుపెట్టింది. అందరూ భాషలోకి నమస్కారంతో అడుగుపెడతారు, ఆమె గాడిదతో పెట్టింది. గాడిదను ఏజల్ అంటారని రజిని చెప్పగానే ఆమె మొహం వికసించింది.

"మన గాడిద గాడ గూడ గాడిదేనా? అయితే వాళ్లు మన అసొంటోళ్లే."

బుర్రలేనివాణ్ని డుమ్‌కొప్ఫ్ అంటారు. కౌసల్యమ్మ దాన్ని "డుంకొప్పు" చేసి, తన తలముడి తట్టి చూపించి గుర్తుపెట్టుకుంది. పొమ్మనడానికి "హౌ అప్". మాత్ర వద్దని చేయి తోసేయడానికి "నైన్", అంటే కాదు, వద్దు అని. అది తిట్టు కాకపోయినా రోగికి కావలసిన మాట కనుక అదీ నేర్చుకుంది. షైసె అంటే ఏమిటో చెప్పడానికి రజిని కొంచెం మొహమాటపడింది.

"పెంట అన్నట్టు పెద్దమ్మా."

"పెంటనా?" కౌసల్యమ్మ నిరాశపడింది. "గిదేం తిట్టే. బండ్లకు బండ్లు కొని పొలానికి తోలుకుంటిమి. పెంట లేంది పంటేడిది? సరే తియ్యి, వాళ్లకు పొలాలు లేవేమో."

నాలుగు రోజుల్లో పది మాటలు వచ్చేశాయి. రాతలేని మనిషికి చెవే పుస్తకం. పైగా పలకడంలో రుచితకు ఏడాదైనా పట్టుబడని గరగర ఆమెకు మొదటి రోజే వచ్చింది. తిట్టు గొంతులో నుంచి రావాలన్న సంగతి ఆమెకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా. రజిని క్లాసులో మిగతా పిల్లలకు ఆమె గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని వినిపించిందట. ఆ మాట విన్న రాత్రి కౌసల్యమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది.

పదకొండో మాట దగ్గర వచ్చింది చిక్కు.

"గిది మస్తు ముఖ్యం పెద్దమ్మా," అంది రజిని. "ఆడోళ్లను ఎక్కువగా గిదే తిడుతరు. డుమ్మె కూ. డుమ్మె అంటే తెలివిలేని. కూ అంటే ఆవు."

కౌసల్యమ్మ ఆమె మొహంలోకి చూసింది. "ఆవు అంటే తిట్టెట్లైతది?"

"వాళ్లకైతది."

"అయితే కానియ్యి. నేను అన."

"పరీక్షల వచ్చుడు ఖాయం పెద్దమ్మా. ఒక్కసారి అలవాటు కావాలె పిల్లకు."

"నరేందర్ పుట్టినప్పుడు నాకు పాలు పడలె బిడ్డా. మా ఆవు గౌరి పాలు తాగి బతికిండు వాడు. ఇయ్యాల కొలువు కోసమని దాని పేరు వెట్టి నా మనవరాలినే తిట్టాల్నా? నా నోరు ఎంత పాడు నోరైనా గంత పాడైతే గాలె."

రజిని బతిమాలింది, రుచిత బతిమాలింది. ముసలామె దిగిరాలేదు. "పది ఉన్నయి గదా, పది సాలవా," అని తేల్చేసింది. పదకొండోది పక్కన పడిపోయింది.

ఇక సాధన మొదలైంది. కౌసల్యమ్మ మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. రుచిత గ్లాసు, మాత్రతో వస్తుంది. మొదటి రోజు "డుంకొప్పు, హౌ అప్" అని ముసలామె ఒక్కసారి ఒర్రగానే ఆ పిల్ల చేతిలోని నీళ్లు ఒలికిపోయాయి, కళ్లు నిండిపోయాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు కౌసల్యమ్మ దుప్పటి తీసేసి లేచి కూర్చుని, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను నిన్ను తిడుతున్ననని ఏడుస్తున్నవా?"

"కాదు బాపమ్మా. ఒర్రుతే నాకు ఏమీ సమజ్ గాదు. తల తిరుగుతది."

"మా అత్త ఆఖరు ఏడాది మంచంల వడ్డది. నేను బువ్వ వెట్టవోతే గిన్నె గిరాటేసేది. నిన్ను పాడె గట్ట అన్నది. నా కొంపకు దాపురించినవన్నది. నేను గూడ నీ లెక్కనే కొట్టంల కూసొని ఏడ్చేదాన్ని. ఒకనాడు ఏడ్సుడు ఆపి ఆమె దిక్కు సూసిన. తిట్టేటప్పుడు చెయ్యి గొంతు కాడికి పోతే దూప అయితుందన్నట్టు, నీళ్లు కావాలన్నట్టు. కడుపు మీదికి పోతే నొప్పి. దుప్పటి గట్టిగ వట్టుకున్నదంటే పక్క తడిసిందన్నట్టు, సిగ్గుకు చెప్పది. నోరు ఒకటి అంటది బిడ్డా, చెయ్యి ఇంకోటి చెప్తది. ఆ దినం నుంచి ఆమె తిట్లు నాకు ఇనవడలె."

రుచిత చాలాసేపు ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చుంది.

"చెయ్యి సూడు. నోటి దిక్కు సూడకు," అంది కౌసల్యమ్మ, మళ్లీ దుప్పటి కప్పుకుంటూ. "కానియ్యి. ఏజల్, ఏం సూస్తున్నవ్, మాత్ర ఏదీ?"

ఆ రోజు నుంచి ఆట మారింది. కౌసల్యమ్మ జర్మన్‌లో తిడుతూ చేతిని ఎక్కడో ఒకచోట పెట్టేది. రుచిత కళ్లు చేతి మీదే ఉండేవి. ఒకరోజు ముసలామె ఇల్లు ఎగిరిపోయేలా తిడుతూ, దొంగతనంగా చెయ్యి మెడ మీదికి పోనిచ్చింది. రుచిత మాత్ర పక్కన పెట్టి, నవ్వుతూ నీళ్ల గ్లాసు అందించింది. కౌసల్యమ్మ నీళ్లన్నీ తాగి, గ్లాసు ఇస్తూ మనవరాలిని ఎగాదిగా చూసింది. ఈ పిల్లను ఇక ఏ దేశపు నోరూ ఏడిపించలేదని ఆమెకు ఆ పూట అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నరేందర్‌తో పాటు నాయకుడు ఓంప్రకాశ్ ఇంటికి వచ్చాడు. లోపలి గదిలో నుంచి "హౌ అప్, ఏజల్" అన్న గర్జన విని గుమ్మంలోనే ఆగిపోయాడు. నరేందర్ గొంతు సవరించుకున్నాడు.

"మా అవ్వ అన్నా. జర్మన్ నేర్చుకుంటుంది."

"ఈ వయసులనా?"

"మా అవ్వ మామూలు మనిషి గాదన్నా," అన్నాడు నరేందర్. తల్లి గురించి ఇంటి ముందు గుమ్మంలో నిలబడి ఆ మాట అనడం అతనికదే మొదటిసారి. లోపల మంచం మీద కౌసల్యమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఎవరూ చూడకుండా నవ్వుకుంది.

ఇరవయ్యో రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు. అక్కడ వాళ్లకు ఇంకా పొద్దునపూటేనట. ముందుగదిలో బల్ల మీద లాప్‌టాప్, దాని ముందు తెల్ల కోటుతో రుచిత. కెమెరాకు కనపడకుండా గోడ పక్కన కుర్చీలో కౌసల్యమ్మ, ఆమె చెవి దగ్గర రజిని. తలుపు దగ్గర నరేందర్, సుశీల నిలబడ్డారు.

తెరమీద కెల్లర్ మేడం కనిపించింది. అరవై దాటిన మనిషి, పొట్టి తెల్లజుట్టు. నాలుగు మంచి మాటలయ్యాక కళ్లద్దాలు తీసేసి, ఒడి మీదికి దుప్పటి లాక్కుని, ఒక్కసారిగా మంచాన పడ్డ ముసలామె అయిపోయింది. అరుపు మొదలైంది. ఏజల్ వచ్చింది. రుచిత కదలలేదు. డుంకొప్పు వచ్చింది. కదలలేదు. కౌసల్యమ్మ ఒడిలో వేళ్లు ముడుస్తూ తన పది మాటల్లో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకుంటోంది. ప్రతి వేలూ ముడిచినప్పుడల్లా ఆమె ఛాతీ ఒక అంగుళం పెరుగుతోంది. ఈమె కంటే నేనే బాగా తిడతానని కూడా ఒక్క క్షణం అనుకుంది.

అప్పుడు కెల్లర్ మేడం ముందుకు వంగి, రుచిత మొహం మీదే అరిచింది.

"డుమ్మె కూ."

కౌసల్యమ్మ వేళ్లు ఆగిపోయాయి. రజిని చెయ్యి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంది. రుచిత రెప్పలు టపటపలాడాయి, కళ్లలో తడి మెరిసింది. ఆ ఒక్క మాటే సాధన లేనిది. కౌసల్యమ్మ పంతం వల్ల లేనిది. ఆ ఇరవై రోజులూ బిడ్డకు కవచం తొడిగి, తన గొప్ప కోసం ఒక్క రంధ్రం వదిలేశానని ముసలామెకు గుండెలో కలుక్కుమంది. గౌరి చచ్చి ముప్పై ఏళ్లయింది, అది తప్పుపట్టేదా? ఒక్కసారి అని ఉంటే ఏం పోయేది?

రుచిత తల వంచుకుంది. మళ్లీ ఎత్తినప్పుడు ఆమె చూపు కెల్లర్ మేడం మొహం మీద లేదు, కింద ఎక్కడో ఉంది. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. నెమ్మదిగా జర్మన్‌లో మాట్లాడటం మొదలుపెట్టింది. రజిని ఒక్కొక్క మాటే కౌసల్యమ్మ చెవిలో తెలుగు చేసింది.

"మా ఊర్ల ఆవు అంటే మంచి పిల్ల అని. మా నాయిన ఆవు పాలతోనే బతికిండు. అందుకే మా బాపమ్మ ఎవ్వరినీ ఆ మాట వెట్టి తిట్టదు. మీరు నన్ను ఆవు అన్నరు, మీకు థాంక్స్ అంటుంది."

కౌసల్యమ్మ నోరు తెరుచుకుని వింటోంది.

"మీ చెయ్యి దుప్పటి గట్టిగ వట్టుకున్నది. పక్క తడిసిందా? పర్వాలేదు, ఎవరికీ చెప్ప. మాత్ర తర్వాత ఏసుకుందురు. ముందుగాల మనిద్దరం కలిసి దుప్పటి మారుద్దాం, అంటుంది."

తెరమీద అరుపు ఆగిపోయింది. కెల్లర్ మేడం తన గుప్పిట్లోని దుప్పటి వంక చూసుకుంది. తర్వాత దాన్ని పక్కన పెట్టి, కళ్లద్దాలు తగిలించుకుని, మామూలు గొంతుతో ఏదో అడిగింది. రజిని కౌసల్యమ్మ చెవి దగ్గరికి వంగింది.

"చెయ్యి దిక్కు సూడుమని నీకు ఏ పుస్తకంల చెప్పిన్రు అని అడుగుతుంది పెద్దమ్మా."

రుచిత లాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు తిప్పింది.

కౌసల్యమ్మ ఎదురుగా ఇప్పుడు జర్మనీ మనిషి ఉంది. కెల్లర్ మేడం చెయ్యెత్తి గౌరవంగా నమస్కారం లాంటిదేదో చెప్పింది. తలుపు దగ్గర నరేందర్ మొహం పాలిపోయింది. కొడుకు భయం కౌసల్యమ్మకు అర్థమైంది. తనకు ఆ భాషలో వచ్చినవన్నీ తిట్లే. దండం పెట్టే మాట ఒక్కటీ ఎవరూ నేర్పలేదు, తనూ అడగలేదు. తొమ్మిది తిట్లు, ఒక నైన్. ఇక చెవిన పడి నోట రానివ్వని మాట ఒకటి.

ఆమె కొంగు సర్దుకుంది. మనవరాలి తలను దగ్గరికి లాక్కుని తన భుజానికి ఆనించుకుంది. కెల్లర్ మేడం కళ్లలోకి సూటిగా చూస్తూ, ఒక్కొక్క మాటే తూచి పలికింది.

"డుమ్మె నైన్," అంది. ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి, ఇన్ని రోజులు అనని మాట అంది. "కూ."

కెల్లర్ మేడం అవునన్నట్టు తల గట్టిగా ఊపింది.

"యా," అంది. "కూ." ఆ వెంటనే పెద్ద వాక్యం ఒకటి చెప్పింది. దాన్ని తెలుగు చేసే ఓపిక రజినికి లేకపోయింది. కళ్లు తుడుచుకుంటూ "తీసుకున్నరు, తీసుకున్నరు," అని మాత్రం అనగలిగింది.

లాప్‌టాప్ మూశాక కూడా రుచిత బాపమ్మ భుజం వదల్లేదు. ఈసారి ఏడుస్తున్నది రుచిత కాదు, తలుపు దగ్గర నిలబడ్డ నరేందర్. కౌసల్యమ్మ కొడుకును పైనుంచి కిందిదాకా చూసింది. రెండేళ్లుగా మూతపడ్డ అసలు నోరు, ఆ నంగునూరు నోరు, తెరుచుకుంది.

"నీ జిమ్మడ, గుడ్లప్పగించి సూస్తున్నవేందిరా? పొద్దటి సంది పొల్ల కడుపుల మెతుకు లేదు. బువ్వ తేపో."

గేటు బయట ఎవరో పెద్దమనిషి పలకరించబోయి ఆగిన చప్పుడైంది. నరేందర్ అటు చూడనైనా లేదు. "తెస్త అవ్వా," అంటూ కళ్లు తుడుచుకుని వంటింట్లోకి నడిచాడు.